రైల్ ప్రెషర్ టేబుల్‌లో తప్పు వెతికే ముందు

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ మెకానిక్‌లు, ఆటోమొబైల్ డిప్లొమా విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా రాసినది.

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది నాకంటే ఎక్కువ ఇంజన్లు విప్పినవాళ్లు. పంపు అంటే ఏమిటో, నాజిల్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. టెక్సస్‌లో పికప్ ట్రక్కుల ట్యూనింగ్ పని, అంటే ఇంజన్ కంప్యూటర్‌లోని అంకెలు సవరించే పని చేస్తూ నేను మళ్లీ మళ్లీ చూసే ఒక సమస్య ఉంది. దాని గురించి చెప్పడానికి వచ్చాను. కామన్ రైల్ డీజిల్‌లో అన్ని ఇంజెక్టర్లకూ కలిపి హై ప్రెషర్ డీజిల్ నిలిచే ఒక గొట్టం ఉంటుంది, అదే రైలు. దానిలో ఎంత ప్రెషర్ ఉండాలో చెప్పే రైల్ ప్రెషర్ టేబుల్ మార్చాక బండి సరిగ్గా లాగదు, లేదా చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. అప్పుడు తప్పు టేబుల్‌దా, పంపుదా, సెన్సార్‌దా అని ఎలా తేల్చుకోవాలి? ఇదే విషయం.

అన్ని ఇంజన్ల గురించీ గాలిలో మాట్లాడటం నాకు ఇష్టం లేదు, కాబట్టి ఒక్కటే తీసుకుంటాను. షెవర్లే సిల్వరాడో, జీఎంసీ సియెరా పికప్‌లలో వచ్చే 6.6 లీటర్ల డ్యూరామాక్స్ వీ8. జనరల్ మోటార్స్, ఇసుజు కలిసి ఒహాయో రాష్ట్రంలోని మొరైన్ ఫ్యాక్టరీలో తయారుచేశాయి. 2001 మోడల్‌లో ఎల్‌బీ7 పేరుతో మొదలైంది. 2006, 2007 మోడళ్లలో వచ్చినదాన్ని ఎల్‌బీజడ్ అంటారు. రెండింటికీ పంపు బాష్ సీపీ3. రైల్ ప్రెషర్ ఎల్‌బీ7లో గరిష్ఠంగా 160 మెగాపాస్కల్, ఎల్‌బీజడ్‌లో 180. మన వాడుకలో 1600 బార్, 1800 బార్.

మన రోడ్ల మీద కనిపించని ఈ బండే ఎందుకంటే, దాని ఈసీఎంలో, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో ఉన్న టేబుళ్లను ట్యూనర్లు ఎన్నో ఏళ్లుగా తెరిచి చూస్తున్నారు. ఏ అంకె మారిస్తే ఏమవుతుందో కళ్లతో చూసి నేర్చుకోవచ్చు. మన లారీల ఈసీఎం మూసి ఉంటుంది. లోపల జరిగే పని మాత్రం ఒకటే. హై ప్రెషర్ పంపు, రైలు, సెన్సార్, రెగ్యులేటర్, ఇంజెక్టర్లు. ఇవి ఎక్కడైనా ఇవే.

ముందు టేబుల్ ఏం చెబుతుందో చూద్దాం. ఒక పక్క ఆర్‌పీఎం, ఇంకో పక్క ఒక్కో ఇంజెక్షన్‌కు కొట్టాల్సిన డీజిల్, ఘన మిల్లీమీటర్లలో. మనం ఎంఎం క్యూబ్ అంటాం. రెండూ కలిసే గడిలో ఒక ప్రెషర్ అంకె. ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, 30 నుంచి 40 మెగాపాస్కల్ దగ్గర ఉంటుంది. ఫుల్ లోడ్‌కు వెళ్లేసరికి గరిష్ఠానికి చేరుతుంది. డ్రైవర్ ఎక్సలేటర్ తొక్కితే, ఎన్ని ఎంఎం క్యూబ్ కావాలో ఈసీఎం ముందు లెక్క కడుతుంది. ఆ తర్వాతే ఈ టేబుల్ దగ్గరకు వచ్చి, దానికి ఎంత ప్రెషర్ కావాలో చూసుకుంటుంది.

ఇక్కడే పెద్ద అపోహ ఉంది. ప్రెషర్ టేబుల్ పెంచితే డీజిల్ ఎక్కువ పడుతుంది, పవర్ వస్తుంది అని చాలామంది నమ్ముతారు. ఈ ఇంజన్లో ఆ లెక్క అలా నడవదు. ఇంజెక్టర్‌ను ఎంతసేపు తెరవాలి అన్నదానికి వేరే టేబుల్ ఉంది. దాన్ని పల్స్ టేబుల్ అందాం. ఈసీఎం దానిలోకి రెండు అంకెలతో వెళ్తుంది. ఒకటి కావాల్సిన ఎంఎం క్యూబ్, రెండోది రైలులో అప్పుడు నిజంగా ఉన్న ప్రెషర్. ప్రెషర్ పెరిగితే ఇంజెక్టర్ తెరుచుకునే సమయం తగ్గిస్తుంది. అంటే పడే డీజిల్ అంతే, పడే సమయమే తగ్గింది.

మరి లాభం ఏమిటి? లాభం ఉంది, దాన్ని అంకెల్లో చూద్దాం. ఇంజెక్టర్ రంధ్రం నుంచి వచ్చే ప్రవాహం ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 140 నుంచి 160కి పెంచితే ప్రవాహం సుమారు 7 శాతం పెరుగుతుంది, అంతే. 3000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక మిల్లీసెకనుకు 18 డిగ్రీలు తిరుగుతుంది. 2 మిల్లీసెకన్ల ఇంజెక్షన్ అంటే 36 డిగ్రీలు. ప్రెషర్ పెంచడంతో అది 33.7కి వస్తుంది. రెండు డిగ్రీల పైచిలుకు ముందే డీజిల్ లోపలికి చేరింది, తుంపర కూడా సన్నబడింది. పొగ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వేడి కొంత తగ్గుతుంది. సరిగ్గా చేస్తే ఇది మంచి పనే. కానీ దహనం త్వరగా జరుగుతుంది కాబట్టి సిలిండర్ లోపలి ప్రెషర్ పెరుగుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. టైమింగ్ టేబుల్‌ను కూడా చూసుకోకుండా రైల్ టేబుల్ ఒక్కటే ఎత్తేసి వదిలేయడం సరైన పని కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. టేబుల్‌లో రాసింది ఈసీఎం కోరుకునే ప్రెషర్. రైలులో ఉన్నది వేరు. ఈ రెండూ లాగ్‌లో, అంటే బండి నడుస్తుండగా స్కానర్ రికార్డు చేసే గీతల్లో, పక్కపక్కనే కనిపిస్తాయి. కోరినది ఒక గీత, నిజమైనది ఇంకో గీత. రెండు గీతల మధ్య ఖాళీ కనబడగానే మనవాళ్లు ల్యాప్‌టాప్ తీసి గడులు మార్చడం మొదలుపెడతారు. దయచేసి ఆ పని చేయకండి. మూడో గీత చూడందే ఏ గడినీ ముట్టుకోకండి.

మూడో గీత రెగ్యులేటర్ కరెంటు. పంపుకు బిగించి ఉండే మీటరింగ్ యూనిట్ మీకు తెలుసు. కొందరు ఎంప్రాప్ అంటారు, కమిన్స్ వాళ్లు ఎఫ్‌సీఏ అంటారు. పంపు పిస్టన్లలోకి ఎంత డీజిల్ వెళ్లాలో అదే నిర్ణయిస్తుంది. సీపీ3లో దానికి కరెంటు లేకపోతే పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. కరెంటు పెరిగేకొద్దీ మూసుకుంటుంది. కొన్ని ఇంజన్లలో ఇది తలకిందులుగా ఉంటుంది కాబట్టి, మీ చేతిలో ఉన్న బండిలో ఏ వైపో ముందు తెలుసుకోవాలి.

ఇప్పుడు ఆలోచించండి. కోరినది 160, రైలులో ఉన్నది 140. కరెంటు గీత చూశారు, అది అట్టడుగున ఉంది. అంటే రెగ్యులేటర్ పూర్తిగా తెరిచేసింది. ఈసీఎం చేతిలో ఇంకేమీ మిగల్లేదు. పంపు ఇవ్వగలిగినంతా ఇస్తోంది, అయినా చాలడం లేదు. టేబుల్‌లో 160ని 170 చేసినా రైలులో 140 దాటదు, ఎందుకంటే కొరత డీజిల్‌లో ఉంది. పంపుకు అందడం లేదు, లేదా పంపు అరిగింది, లేదా ఎక్కడో కారిపోతోంది. స్పానర్ తీయాల్సిన సమయం అది.

అదే 160, 140 ఉండి, కరెంటు గీత మధ్యలో ఉందనుకోండి. రెగ్యులేటర్‌కు ఇంకా తెరిచే అవకాశం ఉంది, అయినా ఈసీఎం తెరవడం లేదు. ఇది కంట్రోల్ సమస్య. ఎంత డీజిల్ అవసరమో ముందే అంచనా వేసే టేబుల్ తప్పయి ఉండొచ్చు. లేదా రెగ్యులేటర్ లోపల జామ్ అయి, కరెంటు మారినా కదలకపోవచ్చు. ఇక్కడ ల్యాప్‌టాప్‌కు పని ఉంది.

మూడో రకం, రైలులో ఉన్నది కోరినదానికంటే ఎక్కువ. దీని గురించి కాసేపాగి చెబుతాను, దానిలో ఒక మెలిక ఉంది.

ఈ మూడో గీతను నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఒక కొలరాడో ట్రిప్పు. టెక్సస్‌లో ట్రెయిలర్ లాగే ఒక ఎల్‌బీజడ్ బండి మా దగ్గరకు వచ్చింది. చదును రోడ్డు మీద ఏ సమస్యా లేదు. కొలరాడోలో డెన్వర్ దాటి ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ వైపు ఎక్కేటప్పుడు పి0087 కోడ్, అంటే రైల్ ప్రెషర్ తక్కువ. పవర్ తగ్గిపోయి బండి ఈడ్చుకుంటూ పోయేది. ఆ టన్నెల్ సముద్రమట్టానికి 11,158 అడుగుల ఎత్తున ఉంది, దానికి ముందు 7 శాతం దాకా ఎక్కుడు. నిండు లోడుతో నిమిషాల తరబడి ఫుల్ ఎక్సలేటర్ తొక్కి ఉంచాల్సిన రోడ్డు. ఓనర్ అంతకుముందు ఎక్కడో ట్యూన్ చేయించుకున్నాడు. ఆ ట్యూన్‌లో 60 ఎంఎం క్యూబ్ దాటిన గడులన్నిటిలో 180 అని ఒకే అంకె కొట్టి ఉంది. "ప్రెషర్ తక్కువ అంటోంది కదా, ఇంకా పెంచండి" అన్నది ఆయన కోరిక.

ఘాట్ ఎక్కేటప్పుడు తీసిన లాగ్ తెప్పించాం. కోరినది 180. రైలులో ఉన్నది 150 దగ్గర మొదలై మెల్లగా జారుతోంది. కరెంటు గీత అట్టడుగున గోడకు కొట్టినట్టు నిలబడి ఉంది. టేబుల్ పెంచి లాభం లేదని అప్పుడే తేలిపోయింది.

మరి చదునులో ఎందుకు రాలేదు? ఈ డ్యూరామాక్స్ మొదటి తరాలకు కంపెనీ ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు పెట్టలేదు. సీపీ3 వెనక ఉన్న గేర్ పంపు ఒక్కటే ట్యాంకు నుంచి డీజిల్‌ను పీల్చుకోవాలి. స్ట్రాతో కొబ్బరి నీళ్లు తాగినట్టు. పీల్చడం అంటే నిజానికి బయటి గాలి ప్రెషర్ డీజిల్‌ను తోయడమే. సముద్రమట్టం దగ్గర గాలి ప్రెషర్ 101 కిలోపాస్కల్. ఆ టన్నెల్ ఎత్తులో అది మూడింట రెండు వంతులకు పడిపోతుంది. తోసే బలం తగ్గింది, అవసరం గరిష్ఠంగా ఉంది. ఎక్కడైనా సన్నని లీకు ఉంటే డీజిల్‌కు బదులు గాలి వస్తుంది. చదునులో బయటపడని లోపం అక్కడ బయటపడుతుంది.

ఫిల్టర్ తర్వాత పారదర్శక గొట్టం పెట్టి చూస్తే బుడగలు. ఫిల్టర్ హెడ్ మీద చేత్తో కొట్టే ప్రైమర్ ఉంటుంది కదా, దాని ఓ-రింగ్‌లు గట్టిపడి గాలి తాగుతున్నాయి. బయటికి డీజిల్ కారదు, ఎందుకంటే అక్కడ ఉన్నది వాక్యూమ్. కింద తడి లేదు కాబట్టి లీకు లేదని అనుకోవడం ఈ బండిలో చెల్లదు. సీల్ కిట్ వేశాం.

అంతటితో ఆగలేదు. ఆ టేబుల్ కూడా తప్పే. 60 దాటిన అన్ని గడులకూ ఒకే 180 కొట్టేయడం వల్ల ఏమవుతుందో చూడండి. వీ8లో ఒక చుట్టుకు నాలుగు ఇంజెక్షన్లు. 3000 ఆర్‌పీఎం, 100 ఎంఎం క్యూబ్ దగ్గర నిమిషానికి 1.2 లీటర్ల డీజిల్ సిలిండర్లలోకే పోవాలి. ఐడిల్‌లో ఇదే లెక్క నిమిషానికి 27 మిల్లీలీటర్లు, టీ గ్లాసులో మూడో వంతు కూడా కాదు. ఆ 1.2 లీటర్లను 180 మెగాపాస్కల్‌కు తొక్కడానికే 3.6 కిలోవాట్లు కావాలి. దీనికి తోడు ఇంజెక్టర్ల రిటర్న్, అంటే సిలిండర్‌లో పడకుండా ట్యాంకుకు వెనక్కి పోయే డీజిల్. ప్రెషర్ పెరిగితే రిటర్న్ పెరుగుతుంది. 180 నుంచి సున్నాకు జారిన ఆ డీజిల్ పదుల డిగ్రీలు వేడెక్కి ట్యాంకుకు చేరుతుంది. ట్యాంకులో డీజిల్ వేడెక్కి పలచబడితే మళ్లీ లీకు ఎక్కువవుతుంది. గంటసేపు ఘాట్‌లో ఇది తిరిగి తిరిగి పంపు మీదే పడుతుంది. 60, 70 ఎంఎం క్యూబ్ దగ్గర 180 వల్ల వచ్చే లాభం దాదాపు ఏమీ లేదు. అందుకే మధ్య గడులను కంపెనీ అంకెల దగ్గరకు దించి, పై మూలలో మాత్రమే ఎత్తు ఉంచాం. తర్వాతి ట్రిప్పులో రెండు గీతలూ కలిసే నడిచాయి, కరెంటు గీతకు కింద ఇంకా చోటు మిగిలింది. ఆ మిగిలిన చోటే నాకు ముఖ్యం. వేసవిలో, పాత ఫిల్టర్‌తో, అరిగిన పంపుతో కూడా బండి నడవాలి కదా.

ఇక నిజంగా టేబుల్‌లోనే ఉండే తప్పుల సంగతి.

అన్నిటికంటే ఎక్కువ కనబడేది మెట్టు. ఉదాహరణకు 1800 ఆర్‌పీఎం దగ్గర 60 ఎంఎం క్యూబ్ గడిలో 110, పక్కన 70 గడిలో 150 ఉందనుకోండి. ఈసీఎం గడుల మధ్య వాటాల ప్రకారం అంకె తీసుకుంటుంది కాబట్టి, డీజిల్ ఒక్క ఎంఎం క్యూబ్ మారితే కోరిన ప్రెషర్ 4 మెగాపాస్కల్ మారుతుంది. క్రూజ్ కంట్రోల్‌లో పోతుంటే డీజిల్ ఎలాగూ కొంచెం అటూ ఇటూ ఆడుతుంది. దానితో పాటు ప్రెషర్ కోరిక ఊగుతుంది, రెగ్యులేటర్ దాని వెనక పరిగెత్తుతుంది, ఆలస్యంగా చేరుతుంది, మళ్లీ వెనక్కి. డ్రైవర్‌కు బండి ఉయ్యాల ఊగినట్టు అనిపిస్తుంది. రెగ్యులేటర్ మార్చినా పోదు, పంపు మార్చినా పోదు. లాగ్‌లో ఒక గుర్తు ఉంటుంది. ముందు ఊగుతున్నది కోరిన గీత అయితే తప్పు టేబుల్‌ది. కోరిన గీత నిలకడగా ఉండి నిజమైనది ఒక్కటే ఊగుతుంటే అప్పుడు రెగ్యులేటర్‌ను అనుమానించాలి. టేబుల్‌ను అంకెలుగా కాకుండా 3డీ బొమ్మగా పెట్టి చూడండి. మెట్లు, ముళ్లు వెంటనే కంటికి కనబడతాయి.

రెండో తప్పు పల్స్ టేబుల్ అంచు. రైల్ టేబుల్‌లో 180 రాశారు. కానీ పల్స్ టేబుల్‌లో ప్రెషర్ వరుస 160తోనే ఆగిపోయింది. అప్పుడు రైలులో 180 ఉన్నా, ఈసీఎం 160 వరుసలోని సమయమే వాడుతుంది. వర్గమూలం లెక్క ప్రకారం 6 శాతం డీజిల్ ఎక్కువ పడుతుంది. ఈసీఎం 100 కొట్టాననుకుంటుంది, పడింది 106. పవర్ పెరిగింది చూశారా అని సంబరపడేవాళ్లను చూశాను. ఆ పవర్ లెక్కలో లేని డీజిల్ నుంచి వచ్చింది. పొగ లిమిట్, టార్క్ లెక్క, గేర్‌బాక్స్‌కు పోయే సమాచారం అన్నీ ఆ మేరకు అబద్ధమవుతాయి. ప్రెషర్ పెంచే ముందు పల్స్ టేబుల్, టైమింగ్ టేబుల్ అంచులు ఎక్కడిదాకా ఉన్నాయో చూడటం తప్పనిసరి.

ఇంకొకటి, గడి మార్చినా లాగ్‌లో కోరిన గీత కదలకపోవడం. అంటే మీరు మార్చిన గడి అప్పుడు పనిచేయడం లేదు. బేస్ టేబుల్ పైన ఒక గరిష్ఠ పరిమితి టేబుల్ ఉంటుంది. ఇంజన్ వేడి, గాలి ప్రెషర్ బట్టి సవరణలు ఉంటాయి. వాటిలో ఏదో అడ్డుపడుతోంది. చల్లని ఇంజన్‌తో లాగ్ తీసి వేడి ఇంజన్ గడులను తిట్టుకోవడం కూడా ఇలాంటిదే.

యూనిట్ల గురించి ఒక్క మాట. టేబుల్ మెగాపాస్కల్‌లో ఉంటుంది, స్కానర్ పీఎస్ఐలో చూపిస్తుంది, మనం బార్‌లో ఆలోచిస్తాం. ఒక మెగాపాస్కల్ అంటే 10 బార్, సుమారు 145 పీఎస్ఐ. 160 మెగాపాస్కల్ అంటే దాదాపు 23,200 పీఎస్ఐ. ఇది బోర్డు మీద పెద్దగా రాసి పెట్టుకోండి.

ఇప్పుడు ఆపిన మెలిక. ఎక్సలేటర్ వదిలేసినప్పుడు రైలులో ప్రెషర్ కోరినదానికంటే పైన ఉండిపోతుంది. ఘాట్ పైకి చేరి డ్రైవర్ కాలు తీశాడు. డీజిల్ సున్నా, కోరిన ప్రెషర్ 170 నుంచి ఒక్కసారిగా 60కి పడింది. రెగ్యులేటర్ మూసుకుంది. కానీ రైలులో ఉన్న ప్రెషర్ ఎటు పోవాలి? ఎల్‌బీ7 నుంచి, ఎల్‌బీజడ్ తర్వాత వచ్చిన ఎల్‌ఎంఎం దాకా డ్యూరామాక్స్ రైలు మీద ఉన్నది మెకానికల్ రిలీఫ్ వాల్వ్ మాత్రమే, అది గరిష్ఠం దాటితేనే తెరుచుకుంటుంది. ఇంజెక్టర్లు కొట్టడం లేదు. ఇంజెక్టర్ల లోపలి సన్నని లీకు ద్వారానే ప్రెషర్ దిగాలి, దానికి కొంత సమయం పడుతుంది. కాబట్టి కాలు తీసిన వెంటనే నిజమైన గీత పైన తేలితే కంగారు పడి రెగ్యులేటర్ మార్చకండి. ఆ వ్యవస్థ తీరే అది. నిజానికి, అతి వేగంగా పడిపోతుంటేనే ఇంజెక్టర్లు కారుతున్నాయని అనుమానించాలి. 2011లో వచ్చిన ఎల్‌ఎంఎల్‌లో రైలు మీద కూడా ఒక కంట్రోల్ వాల్వ్ ఉంది, దానిలో ఈ గీత వేరుగా ఉంటుంది.

అయితే టేబుల్ దీన్ని మరీ పెద్దది చేయగలదు. పై గడులకూ కింది గడులకూ మధ్య కొండ అంచులా వాలు ఉంటే, కాలు తీసి మళ్లీ తొక్కేసరికి 150 ప్రెషర్‌తో 8 ఎంఎం క్యూబ్ కొట్టాల్సి వస్తుంది. అంత ప్రెషర్‌లో అంత కొంచెం డీజిల్ కొట్టాలంటే ఇంజెక్టర్ సూది పూర్తిగా లేవకముందే మూసుకోవాలి. లెక్క కుదరదు, ఇంజన్ టకటకమని కొడుతుంది. గేరు మార్చిన ప్రతిసారీ ఆ చప్పుడు వస్తుంటే ఆ వాలును మెత్తబరచండి.

సెన్సార్ గురించి. రాత్రంతా ఆగి ఉన్న బండికి తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా ప్రెషర్ చూడండి. సున్నా దగ్గర ఉండాలి. 0.5 వోల్టు నుంచి 4.5 వోల్టు దాకా 200 మెగాపాస్కల్ చూపించే సెన్సార్ అయితే, ఒక వోల్టుకు 50 మెగాపాస్కల్. గ్రౌండ్ వైరు తుప్పు పట్టి 0.05 వోల్టు తేడా వచ్చినా 2.5 మెగాపాస్కల్ అబద్ధం. ఫుల్ లోడ్‌లో అది పెద్ద విషయం కాదు. 35 ఉండే ఐడిల్‌లో అది బాగా తెలుస్తుంది. పైగా పల్స్ టేబుల్ చూసేది ఈ సెన్సార్ మాటే కాబట్టి డీజిల్ లెక్క కూడా తప్పుతుంది.

ఇక నాకు బాధ కలిగించే పని ఒకటి చెబుతాను. పి0087 వస్తోంది, ఇంజెక్టర్లు మార్చడానికి ఓనర్ దగ్గర డబ్బుల్లేవు. అప్పుడు టేబుల్‌ను 130కి దించేస్తారు. కోరినదే తగ్గింది కాబట్టి రెండు గీతలూ కలిసిపోతాయి, కోడ్ పోతుంది. కానీ కారే ఇంజెక్టర్ కారుతూనే ఉంది. ఆ కారడం రిటర్న్ లైన్లోకి అయితే కొన్నాళ్లు నడుస్తుంది. సిలిండర్‌లోకి అయితే పిస్టన్ తలకు బొక్క పడుతుంది, లేదా ఆయిల్‌లో డీజిల్ కలిసి బేరింగులు పోతాయి. ఆ కోడ్ ఓనర్‌కు ఇంజన్ ఇస్తున్న సమాచారం. దాన్ని ఆయనకు చెప్పి, డబ్బు సర్దుబాటు అయ్యేదాకా లోడు తగ్గించి నడుపుకోమనడం మన పని. చెప్పకుండా కోడ్ మాయం చేయడం మోసం. ఎమిషన్ పరికరాలను పక్కదారి పట్టించే ట్యూన్లు కూడా నేను చేయను. అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద అది చట్టవిరుద్ధం. ఇలాంటి ఆరోపణల మీదే 2023 డిసెంబర్‌లో కమిన్స్ కంపెనీయే 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇక్కడ కూడా బండిలో ఇష్టమొచ్చిన మార్పులు చేయకుండా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. బండి ఓనర్‌ది, కానీ పొగ పీల్చేది ఊరంతా.

ఆటోనగర్‌లో ఉన్నాను కాబట్టి ఇది తప్పకుండా చెప్పాలి. పాత ఇన్‌లైన్ పంపు బండ్లలో ఇంజన్ నడుస్తుండగా నాజిల్ పైప్ నట్టు లూజు చేసి ఏ సిలిండర్ మిస్ అవుతోందో చూసేవాళ్లం. కామన్ రైల్ మీద ఆ పని ఎప్పుడూ చేయొద్దు. 1600 బార్ దగ్గర కంటికి కనబడని సన్నని ధార చర్మంలోంచి లోపలికి దూరుతుంది. బయట చిన్న చుక్కలా ఉంటుంది, నొప్పి కూడా వెంటనే ఉండకపోవచ్చు. లోపల కండ చచ్చిపోతుంది. గంటల్లో ఆపరేషన్ జరగాలి, లేకపోతే వేలు, చెయ్యి పోతాయి. అలా జరిగితే కట్టు కట్టుకుని ఇంటికి వెళ్లొద్దు. నేరుగా పెద్దాసుపత్రికి పోయి, హై ప్రెషర్ డీజిల్ లోపలికి దిగిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. ఇంజన్ ఆపిన తర్వాత కూడా స్కానర్‌లో ప్రెషర్ సున్నాకు వచ్చిందని చూసుకున్నాకే పైపు విప్పండి. లీకు వెతకడానికి చెయ్యి పెట్టకండి, అట్టముక్క పెట్టండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న: పీల్చే పంపు సమస్య అంటున్నారు కదా, ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టేస్తే పోదా?

చాలా వరకు పోతుంది సార్, అక్కడ ఎల్‌బీజడ్‌కు 8 నుంచి 10 పీఎస్ఐ ఇచ్చే పంపు పెట్టడం మామూలే. కానీ పెట్టే ముందు గాలి లీకు వెతకాలి. పంపు పెట్టాక అదే లీకు నుంచి బయటికి డీజిల్ కారుతుంది, అది వేడి ఇంజన్ మీద పడితే మంట. ఇంకో సంగతి. వాక్యూమ్ గేజ్‌ను ఫిల్టర్ తర్వాత పెట్టి, కొత్త ఫిల్టర్‌తో ఫుల్ లోడ్‌లో ఎంత చూపిస్తుందో రాసిపెట్టుకోండి. తర్వాత అది పెరుగుతుంటే ఫిల్టర్ మూసుకుపోతోందని కోడ్ రాకముందే తెలుస్తుంది.

ప్రశ్న: రిలీఫ్ వాల్వ్ కారుతుంటే ప్లగ్ కొట్టేస్తున్నారు. అది చేయొచ్చా?

వద్దు, అన్నా. రెగ్యులేటర్ వైరు తెగిందనుకోండి, కరెంటు లేదు కాబట్టి పూర్తిగా తెరుచుకుంటుంది, పంపు ఉన్న బలమంతా రైలు మీద పెడుతుంది. అప్పుడు కాపాడేది ఆ వాల్వ్ ఒక్కటే. కారుతోందో లేదో చూడటం తేలిక. దాని రిటర్న్ పైపు విప్పి సీసాలోకి పెట్టి, గరిష్ఠానికి చాలా కింద ఉన్నప్పుడు చుక్క పడుతుందేమో చూడండి. పడితే కొత్తది వేయండి.

ప్రశ్న: సీపీ3 తర్వాత వచ్చిన సీపీ4 పంపు ఉన్న బండికి కూడా ఇలాగే ప్రెషర్ పెంచవచ్చా?

నేను పెంచను. సీపీ3లో మూడు పిస్టన్లు, ఎల్‌ఎంఎల్‌లో వచ్చిన సీపీ4.2లో రెండే. క్యామ్ మీద రోలర్ ట్యాపెట్ దొర్లుతుంది. అది అడ్డం తిరిగితే క్యామ్‌ను గీకి, ఇనుప రజను రైలుకూ ఇంజెక్టర్లకూ పంపుతుంది. మొత్తం ఫ్యూయల్ సిస్టమ్ మార్చాలి. డీజిల్‌కు జారుడు గుణం తక్కువైతే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. అమెరికా డీజిల్ ప్రమాణంలో అరుగుదల పరీక్షలో పడే మచ్చకు 520 మైక్రాన్ల దాకా అనుమతి ఉంది, యూరప్‌లో 460. అంటే అమెరికా డీజిల్ ఆ పంపుకు అంత కాపు కాయదు. అలాంటి పంపుకు పని పెంచడం కంటే ఫిల్టర్, నీళ్లు, గాలి చూసుకోవడం మేలు.

ప్రశ్న: మేం విద్యార్థులం. మా దగ్గర ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

టేబుల్ మార్చకుండానే మొదలుపెట్టు తమ్ముడూ. చదవడం నేర్చుకో. ఓబీడీ, అంటే స్కానర్ తగిలించే సాకెట్ ఉన్న డీజిల్ కార్లలో రైల్ ప్రెషర్‌ను అడిగే నంబరు పీఐడీ 23, మామూలు స్కానర్‌తో వస్తుంది. లారీల కంప్యూటర్లు వాడే జే1939 పద్ధతిలో ఆ నంబరు ఎస్‌పీఎన్ 157. కొన్ని స్కానర్లలో కోరిన ప్రెషర్, రెగ్యులేటర్ కరెంటు కూడా వస్తాయి. బాగున్న బండి ఒకటి తీసుకుని ఐడిల్, చదును రోడ్డు, ఎక్కుడు, కాలు తీసినప్పుడు, ఈ నాలుగు సందర్భాల లాగ్ తీసి దాచుకో. రేపు అదే మోడల్ బండి పాడై వచ్చినప్పుడు దీని పక్కన పెట్టి చూస్తే తేడా నీకే కనబడుతుంది. ఎల్‌బీజడ్ లాగ్‌లు నా ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, ఐ-70 ఎక్కినది కూడా ఉంది. ముందుకు రండి, తెరిచి చూద్దాం.